సహిత విద్యకు కేంద్రం ఇచ్చే డబ్బుల లెక్క ఎవరు చూస్తారు? (విజయనగరం జిల్లా)

చంపావతి_గట్టు

మాది విజయనగరం జిల్లా, మండలం పేరు రాయను. మా పాపకి సెరిబ్రల్ పాల్సీ, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఫిజియోథెరపీకి భవిత కేంద్రానికి (దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఆటోలో తీసుకెళ్తాం. బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఇలాంటి దివ్యాంగ ఆడపిల్లలకి నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది, అది కాక రవాణా భత్యం. పోయిన ఏడాది రవాణా భత్యం కొన్ని నెలలది పడి ఆగిపోయింది, స్టైపెండ్ అయితే అసలు పడలేదు. అడిగితే "పైనుంచి ఫండ్ రాలేదమ్మా" అంటారు. ఢిల్లీ వాళ్ళ వెబ్‌సైట్‌లో చూస్తే మన రాష్ట్రానికి సహిత విద్య (దివ్యాంగ పిల్లల్ని మిగతా పిల్లలతో కలిపి చదివించడం) కింద డబ్బు మంజూరైనట్టే ఉంది.

ఏడాదికి 2,000 కోసం ఇంత రాద్ధాంతం ఎందుకని మా ఆయనే అంటున్నారు. ఆటో ఖర్చు ముందు అదేమీ కాదు, నిజమే, కానీ ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు కదా, అది ఢిల్లీనా, అమరావతా, మా మండలమా అని తెలుసుకోవాలని ఉంది. కేంద్రం ఇచ్చిన డబ్బు రాష్ట్రం వాళ్ళు ఎలా ఖర్చు పెట్టారో ఎవరు ఆడిట్ చేస్తారు? కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) అంటారు, వాళ్ళు మా మండలం దాకా వస్తారా? మామూలు మనిషి అడిగితే ఆ కాగితాలు చూపిస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

పెన్షనర్_శ్రీకాకుళం

అమ్మా, నేను స్టేట్ ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. లోకల్ ఫండ్ ఆడిట్ అంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుస్తుంది, అదే.

బహుశా ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. మీరు ఢిల్లీ సైట్‌లో చూసింది పీఏబీ, అంటే ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు, మినిట్స్ అయి ఉంటుంది. ఏటా ఆ బోర్డు కూర్చుని రాష్ట్రానికి ఏ పద్దు కింద ఎంత అని ఒప్పుకుంటుంది. అది మంజూరు మాత్రమే. ఆ తరవాత కేంద్రం తన 60 శాతం వాటా వాయిదాల్లో విడుదల చేయాలి, రాష్ట్రం తన 40 శాతం కలపాలి. మంజూరు, విడుదల, ఖర్చు మూడూ వేరువేరు అంకెలు, పేపర్లో వచ్చేది ఎప్పుడూ మొదటిదే.

ఇంకోటి. 2021 జులై నుంచి కేంద్ర పథకాలకి పద్ధతి మారింది. ఒక్కో పథకానికి రాష్ట్రం మొత్తానికి ఒకే నోడల్ ఖాతా, కింద జిల్లాకీ మండలానికీ ఉండేవి జీరో బ్యాలెన్స్ ఖాతాలు. వాళ్ళకి డబ్బు రాదు, ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని లిమిట్ వస్తుంది. కాబట్టి మండలంలో నిలబడి "ఫండ్ వచ్చిందా" అంటే రాలేదనే చెబుతారు, వాళ్ళ ఖాతాలో ఎప్పుడూ సున్నాయే. మీరు అడగాల్సింది లిమిట్ ఇచ్చారా, ఏ తేదీన ఇచ్చారు అని. ఇచ్చి ఉంటే బిల్లు పెట్టారా? పెట్టి ఉంటే చెల్లింపు వెళ్ళి, ఆధార్ లింకు సరిగా లేక వెనక్కి వచ్చిందా? ఆగితే ఈ మూడు చోట్లలో ఒక చోటే ఆగుతుంది.

ఆడిట్ సంగతి. సమగ్ర శిక్షని నడిపే రాష్ట్ర సొసైటీ లెక్కలు ఏటా చార్టర్డ్ అకౌంటెంట్లు చూస్తారు. కాగ్ తరఫున అకౌంటెంట్ జనరల్ ఆఫీసు వాళ్ళకి 1971 చట్టం కింద అధికారం ఉంది, రిపోర్టు గవర్నర్‌కి, అక్కణ్ణుంచి అసెంబ్లీకి, ఆపైన పీఏసీకి (ఎమ్మెల్యేల ప్రజా పద్దుల కమిటీ) వెళ్తుంది. వాళ్ళు కొన్ని జిల్లాల్ని శాంపిల్‌గా తీసుకుని అందులో మండలాలు, స్కూళ్ళ దాకా దిగుతారు. మీ మండలం శాంపిల్‌లో పడకపోతే లేదు, అంతే. రాష్ట్రం కేంద్రానికి పంపే యూసీ ఉంది చూశారూ, వినియోగ ధ్రువపత్రం, అందులో ఇంత ఇచ్చారు, ఇంత ఖర్చయింది, ఇంత మిగిలింది అని ఉంటుంది. ఏ పిల్లకి చేరిందో ఉండదు. పాత రోజుల్లో జిల్లాకి అడ్వాన్సు పంపితే దాన్నే ఖర్చుగా రాసేసిన లెక్కలు మేం చూసేవాళ్ళం, డబ్బు జిల్లా ఖాతాలో వడ్డీ తింటూ కూర్చునేది.

టెక్కలి_టు_టెక్సాస్

ఇక్కడ అమెరికాలో నా ఉద్యోగం కూడా ఇదే లైను, ఒక ఆడిట్ ఫర్మ్‌లో. వికలాంగ పిల్లల చదువుకి ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకి ఇచ్చే డబ్బు ఐడియా అనే చట్టం కింద వస్తుంది. మొదట 1975లో వచ్చిన చట్టం, 1990లో ఆ పేరు పెట్టారు. ఏడాదిలో ఇంతకు మించి ఫెడరల్ డబ్బు ఖర్చు పెట్టిన ఏ సంస్థ అయినా సింగిల్ ఆడిట్ (ఆ డబ్బంతటికీ కలిపి ఒకటే ఆడిట్) చేయించుకోవాల్సిందే. ఆ హద్దు 7.5 లక్షల డాలర్లు ఉండేది, 2024 అక్టోబరు నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకి 10 లక్షలు చేశారు. ఆ రిపోర్టులు ఒక్క సైట్‌లో పెడతారు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈ ఒక్కటీ మన దగ్గర ఉంటే మీరు ఈ ప్రశ్న ఇక్కడ అడగాల్సి వచ్చేదే కాదు.

ఫెడరల్ ప్రభుత్వం ఇస్తోంది కదా అని రాష్ట్రం తన వాటా తగ్గించుకోకూడదని ఇక్కడ గట్టి రూలుంది. టెక్సాస్ 2012 ఆర్థిక సంవత్సరంలో 3 కోట్ల 33 లక్షల డాలర్లు తగ్గించింది. అంతే మొత్తం మీ గ్రాంటులో కోస్తాం అని ఫెడరల్ విద్యా శాఖ అంటే రాష్ట్రం కోర్టుకెక్కింది, 2018లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది.

అలాగని ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. ఇదే టెక్సాస్ 2004లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు మొత్తంలో 8.5 శాతం దాటితే ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని ప్రశ్నించేలా ఒక కొలమానం పెట్టింది. అవసరం ఉన్న పిల్లల్ని కూడా స్కూళ్ళు చేర్చుకోవడం మానేశాయి. ఏళ్ళ తరబడి ఆడిట్లు జరుగుతూనే ఉన్నాయి, దాన్ని 2016లో బయటపెట్టింది మాత్రం ఒక పత్రిక. అది చట్టవిరుద్ధమని ఫెడరల్ శాఖ తేల్చేసరికి 2018 జనవరి. చేర్చుకోని పిల్ల ఏ లెక్కల పుస్తకంలో కనపడుతుంది చెప్పండి.

సిక్కోలు_మూడుచక్రాలు

అక్కా, నాకు ఒళ్ళు మండేది ఎక్కడో చెప్తాను. మన దగ్గర దివ్యాంగుల పథకంలో తనిఖీ అన్నారంటే మనల్ని తనిఖీ చేయడం అన్నమాట. 2025 మొదలు పెన్షన్ల రీవెరిఫికేషన్ అని ఆసుపత్రుల చుట్టూ తిప్పారు, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పేది) ఉన్నా మళ్ళీ శాతం కొలిచారు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనను, మా వీధిలోనే ఉన్నాయి. కానీ అదే పట్టుదల డబ్బు పంచేవాళ్ళ మీద ఏదీ?

పెన్షన్‌లో కేంద్రం వాటా ఎంతో తెలుసా, నెలకు 300. అదీ 80 శాతం పైన వైకల్యం ఉండి, 18 నుంచి 79 ఏళ్ళ మధ్య ఉన్న పేదలకే. మనకొచ్చే 6,000లో మిగతాదంతా రాష్ట్రానిదే. ఆ కేంద్ర పెన్షన్ల మీద కాగ్ 2023లో రిపోర్టు ఇచ్చింది. వాటి ప్రచారానికని ఉన్న డబ్బులో 2.83 కోట్లు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే వేరే పథకాల హోర్డింగులకి వాడేసిందని అందులో ఉంది. వాళ్ళనెవరూ క్యాంపుకి పిలిచి శాతం కొలవలేదు మరి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 48వ సెక్షన్ చదవండి. దివ్యాంగులకు సంబంధించిన పథకాలకి ప్రభుత్వం సోషల్ ఆడిట్ చేయాలని రాసుంది. ఉపాధి హామీకి మన రాష్ట్రంలో ఎప్పట్నించో చేస్తున్నారు, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఊళ్ళో అందరి ముందు పైకి చదువుతారు. దివ్యాంగుల పథకాలకి అలా చదవగా మా మండలంలో నేనైతే వినలేదు.

చంపావతి_గట్టు

అందరికీ థ్యాంక్స్. లిమిట్ అనే మాటే నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు పెడదామనుకుంటున్నాను, ఏమని రాయాలి? "ఎందుకు ఇవ్వలేదు" అని సూటిగా రాస్తే సరిపోతుందా?

పెన్షనర్_శ్రీకాకుళం

ఎందుకు అని మాత్రం రాయకండి తల్లీ. ఆర్టీఐ కింద ఉన్న కాగితం ఇస్తారు, కారణాలు వెతికి రాసివ్వరు, ఆ సాకుతో మీది తిప్పి పంపుతారు. కాగితాల పేర్లే రాయండి. ఆ ఏడాది మీ మండలానికి సహిత విద్య పద్దులో ఇచ్చిన లిమిట్ ఉత్తర్వుల నకళ్ళు, తేదీలతో సహా. స్టైపెండ్‌కీ రవాణా భత్యానికీ పెట్టిన బిల్లుల నకళ్ళు. ఎంతమందికి మంజూరు, ఎంతమందికి చెల్లింపు, ఎన్ని వెనక్కి వచ్చాయి. ఇక్కడ మిగతా పిల్లల పేర్లు అడగకండి, వ్యక్తిగత సమాచారం అని ఆపేస్తారు, ఆపడం న్యాయం కూడా. సంఖ్యలు చాలు. మీ పాప వివరాలు మాత్రం పేరుతో అడగొచ్చు. పథకాల కింద కేటాయించిన మొత్తాలు అడక్కుండానే ప్రకటించాలని అదే చట్టంలో 4(1)(బి) చెబుతోంది, ఆ సంగతి ఒక వాక్యం కలపండి.

దరఖాస్తు జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసులో సమాచార అధికారికి పెట్టండి, ఫీజు పది రూపాయలు. మండలంలో అయితే ఐదే, కానీ లిమిట్ ఉత్తర్వులు జిల్లాలో దొరుకుతాయి. రికార్డు స్వయంగా చూస్తానని కూడా రాయండి, మొదటి గంటకి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి.

రాజాం_కుర్రోడు

పెద్దాయనా, మా రాజాం 2022 ఏప్రిల్లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది కదా. అంతకు ముందు సంవత్సరాల కాగితాలు ఎక్కడ అడగాలి?

పెన్షనర్_శ్రీకాకుళం

ఏ ఆఫీసుకైనా ఇవ్వు బాబూ. వాళ్ళ దగ్గర లేకపోతే ఐదు రోజుల్లో రెండో ఆఫీసుకి బదిలీ చేసి నీకు తెలియజేయాలి, సెక్షన్ 6(3).

చంపావతి గారికి ఇంకో మాట. రవాణా భత్యం, స్టైపెండ్ పడాల్సింది ఒకే ఖాతాలోనా?

చంపావతి_గట్టు

అవునండీ, పాప ఖాతాలోకే. అందులో వేరే డబ్బులు ఇప్పటికీ పడుతున్నాయి.

పెన్షనర్_శ్రీకాకుళం

అయితే ఖాతా బాగానే ఉంది, వెనక్కి వచ్చి ఉండదు. లిమిట్ తేదీ, బిల్లు తేదీ, ఈ రెంటి మీదే పట్టు పట్టండి. లిమిట్ మార్చి ఆఖరి రోజుల్లో ఇచ్చి ఉంటే బిల్లు పెట్టే టైమే ఉండదు, అప్పుడు మీ మండలం వాళ్ళని తిట్టి లాభం లేదు, పైవాళ్ళని అడగాలి. ముందే ఇచ్చి ఉంటే మాత్రం ఆ కాగితం పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి.