దోహా–డల్లాస్ విమానం గాలిలో ఉండేది నిజంగా ఎన్ని గంటలు?

మా అమ్మగారు జూన్‌లో శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్‌కు ఒంటరిగా ప్రయాణిస్తున్నారు. శంషాబాద్‌లో తెల్లవారుజామున 3.30కు బయలుదేరి దోహాలో 5.30కు దిగుతారు, అక్కడ ఉదయం 8.00కు ఎక్కితే అదే రోజు సాయంత్రం 4.20కి డల్లాస్ చేరతారని టికెట్టులో ఉంది. ఇవన్నీ స్థానిక సమయాలు. భారత కాలమానం దోహా కంటే రెండున్నర గంటలు, వేసవిలో డల్లాస్ కంటే పదిన్నర గంటలు ముందుంటుంది కనుక, మొత్తం ప్రయాణం 23 గంటల 20 నిమిషాలని లెక్క తేలింది.

నాకు అంతుపట్టనిది రెండో విమానం సంగతి. పిల్లల గ్లోబు మీద దోహా నుంచి డల్లాస్‌కు దారం బిగించి చూస్తే అది ఐస్‌లాండ్ దాకా ఎగబాకి కిందికి దిగింది. ఆ దారిన దూరం దాదాపు 12,750 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే 14 గంటల 10 నిమిషాలు వస్తున్నాయి, టికెట్టులో మాత్రం 16 గంటల 20 నిమిషాలుంది. విమానం గేటు నుంచి రన్‌వే దాకా వెళ్లే సమయం, దిగాక గేటుకు చేరే సమయం కలిపి 40 నిమిషాలు వేసుకున్నా ఇంకా గంటన్నర తేడా మిగులుతోంది. పడమరకు వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉంటుందని తెలుసు గాని, అది ఎంత సమయం తింటుందో అంచనా వేయలేకపోయాను. అమ్మగారు మోకాళ్ల నొప్పితో బాధపడుతున్నందున, ఏకబిగిన ఎంతసేపు కూర్చోవాలో ముందే తెలుసుకోవడం మాకు చాలా అవసరం.

వేసవిలో ఈ దారిన ప్రయాణించినవారు దయచేసి చెప్పగలరా: దోహాలో విమానం నేల విడిచినప్పటి నుంచి డల్లాస్‌లో నేల తాకేవరకు మీకు ఎన్ని గంటలు పట్టింది?