ఫ్యామిలీ డాక్టర్ పరీక్షలు రాయకుండా మాత్రలు మాత్రం రాస్తున్నారు, ఏం చేయాలి?

ఎదురుచూపు:

అందరికీ నమస్తే. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి. నాకు 34 ఏళ్లు, మా వారికి 37. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి ఏడాది దాటింది. నాకు పీరియడ్స్ ఎప్పుడూ నెలకి సరిగ్గా రావు, 35 నుంచి 40 రోజుల మధ్య ఎప్పుడో వస్తాయి. మా అత్తగారింట్లో అందరికీ ఒకే డాక్టర్ గారు. మా వారు చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే చూపించుకున్నారు, మామగారి షుగర్, బీపీ కూడా ఆయనే చూస్తారు, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తే మనిషి. అందుకే దీనికీ ఆయన దగ్గరికే వెళ్లాం.

మొదట్లో "టెన్షన్ తగ్గించుకోమ్మా, అదే వస్తుంది, పీరియడ్ మొదలైన 14వ రోజున మీరిద్దరూ కలవండి చాలు" అన్నారు. తర్వాత 21వ రోజున, అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ హార్మోన్ పరీక్ష చేయించి, తక్కువ వచ్చింది కాబట్టి నీకు అండం విడుదల కావడం లేదని తేల్చేసి, అది విడుదలయ్యేందుకు క్లోమిఫెన్ మాత్రలు రాశారు. స్కాన్ ఒక్కసారి కూడా చేయించలేదు. మా వారికి కూడా ఏదైనా పరీక్ష రాయండి అంటే "వాడికేంటి, గుండ్రాయిలా ఉన్నాడు, నా కళ్ల ముందు పెరిగిన పిల్లాడు" అని కొట్టిపారేశారు. ఇప్పుడు డోస్ పెంచి అవే మాత్రలు ఇంకొన్ని నెలలు వాడమంటున్నారు.

నాకేమో భయంగా ఉంది. స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్దామంటే అత్తయ్య "ఆయన్ని కాదని వేరేవాళ్ల దగ్గరికి వెళ్తే ఆయన మనసు కష్టపెట్టుకోరా" అంటున్నారు. మా వారు ఎటూ తేల్చరు. నేను అనవసరంగా అనుమానపడుతున్నానా, లేక నిజంగానే ఏదో తేడాగా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మబ్బుతునక:

అనుమానం అనవసరం కాదండీ. ముందు ఆ 21వ రోజు లెక్క మీకు పనికిరాదు. అది 28 రోజులకి పీరియడ్ వచ్చేవాళ్ల లెక్క. అండం విడుదలయ్యాక పీరియడ్ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, ఆ భాగం పెద్దగా మారదు, సాగేదంతా అంతకు ముందు భాగమే. మీకు 36వ రోజున వచ్చిందనుకోండి, అండం 22వ రోజు ప్రాంతంలో విడుదలై ఉంటుంది. అంటే 21వ రోజున మీరు రక్తం ఇచ్చేసరికి అసలు అండమే బయటికి రాలేదు, ఇక ప్రొజెస్టెరాన్ ఎక్కడి నుంచి పెరుగుతుంది? ఆ పరీక్ష రాబోయే పీరియడ్‌కి 7 రోజుల ముందు చేయాలి. మీలా అటూ ఇటూ అయ్యేవాళ్లకి 28వ రోజున మొదలుపెట్టి పీరియడ్ వచ్చేదాకా వారానికోసారి చేస్తారు.

నాకూ అచ్చం ఇలాగే అయింది. ఒక డాక్టర్ నా రిపోర్టు చూసి అండం లేదు అన్నారు. తర్వాత వెళ్లిన స్పెషలిస్ట్ మేడం రిపోర్టు పక్కన పెట్టి ముందు నా ఫోన్లో పీరియడ్స్ తేదీలు చూపించమన్నారు. పీరియడ్ వచ్చిన రోజు నుంచి పెన్నుతో వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, రక్తం ఇచ్చిన తేదీ చుట్టూ సున్నా చుట్టి "ఇది తొందరపడి చేసిన పరీక్ష, మళ్లీ చేద్దాం" అన్నారు. మళ్లీ చేస్తే ప్రొజెస్టెరాన్ మామూలుగానే ఉంది.

14వ రోజున కలవమనడం కూడా అంతే. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది, వీర్యకణాలు మాత్రం లోపల 5 రోజుల దాకా ఉండగలవు. కాబట్టి గర్భం వచ్చే అవకాశం అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. మీ విషయంలో ఆ రోజులు 14వ రోజుకి చాలా తర్వాత వస్తాయి. తేదీలు చూసుకుని బెంగపెట్టుకునే కంటే రెండు మూడు రోజులకోసారి కలవడం నయం. టెన్షన్ వల్లే రావడం లేదని ఎవరన్నా అంటే దయచేసి మనసుకి తీసుకోకండి, అది వినీ వినీ నేను ఎన్నిసార్లు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చానో నాకే తెలుసు.

తోడున్నవాడు:

మగవాడిగా చెప్తున్నాను, ముందు మీ వారి పరీక్ష చేయించండి. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. మనిషిని చూసి వీర్యం ఎలా ఉందో చెప్పడం ఎవరివల్లా కాదు, ఎంత పెద్ద డాక్టరైనా సరే. అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇదే, సూది కూడా ఉండదు. ఆడవాళ్లకి నెలల తరబడి మందులు వేసి ఇది మాత్రం చేయించకపోవడం అన్యాయం.

2 నుంచి 7 రోజులు ఆగి శాంపిల్ ఇవ్వాలి, ఇంట్లో తీస్తే గంటలోపు ల్యాబ్‌కి చేర్చాలి, చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి పట్టుకెళ్లమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు ఇవి: మిల్లీలీటరుకి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం. రిపోర్టులో ఆ 4 శాతం చూసి గుండె ఆగినంత పని అవుతుంది చాలామందికి, కానీ అది మామూలే. ఒకసారి తక్కువ వచ్చిందని కుంగిపోవద్దు, వీర్యకణం తయారవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది, మధ్యలో గట్టి జ్వరం వచ్చినా రిపోర్టు దెబ్బతింటుంది. అందుకే మూడు నెలలు ఆగి మళ్లీ చేస్తారు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. నీరసంగా ఉందంటే నాకు ఒక డాక్టర్ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, పిల్లలు పుట్టడానికీ మంచిదేనని చెప్పి మరీ. జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. బయటి నుంచి ఆ హార్మోన్ అందితే మెదడు వృషణాలకి సంకేతాలు పంపడం మానేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. నా కౌంట్ దాదాపు సున్నాకి వచ్చింది, కోలుకోవడానికి నెలలు పట్టింది. మీ వారికి ఎవరైనా అవి రాస్తే తీసుకోనివ్వకండి. జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్లు కూడా అంతే.

నిదానం:

నేను కాస్త వేరేగా చెప్తాను. ఆయన మొదట కొన్నాళ్లు ఆగమనడం తప్పేమీ కాదు. 100 జంటల్లో 80 మందికి పైగా ఏడాదిలోపు గర్భం వస్తుంది. 35 లోపు వయసైతే ఏడాది, 35 దాటితే 6 నెలలు చూసి అప్పుడు పరీక్షలు మొదలుపెట్టాలన్నది డాక్టర్లందరూ పాటించే పద్ధతే. కానీ పీరియడ్స్ సరిగ్గా రానివాళ్లకి ఆ గడువు వర్తించదు, వెంటనే చూడాలి. ఆయన ఏ ఉద్దేశంతో చెప్పినా, ఆయనది జనరల్ ప్రాక్టీస్, ఇది ఆయన పని కాదు. ఆయనతో గొడవ మాత్రం పెట్టుకోకండి, మామగారి బీపీ ఆయనే చూసుకోనివ్వండి.

గీతలస్కాన్:

నేను గైనిక్ ఓపీలో నర్సుని. క్లోమిఫెన్ చెడ్డ మందు కాదు, కానీ ఇచ్చే పద్ధతి ఒకటుంది. మొదటి నెలలోనైనా స్కాన్‌లో ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) ఎన్ని పెరుగుతున్నాయో చూడాలి. రెండు మూడు ఒకేసారి పెరిగితే కవలలు రావచ్చు, ఈ మందుతో వచ్చిన 100 గర్భాల్లో సుమారు 7 కవలలే. కొందరిలో గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది, అప్పుడు అండం విడుదలైనా నిలవడం కష్టం. ఇవేవీ చూడకుండా డోస్ పెంచడం ఏమిటి? ఆరు నెలలకి మించి కూడా ఇది మామూలుగా వాడరు.

మీ సైకిల్ చూస్తే పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య, ఉందో లేదో తేల్చుకోవాలి. ఉంటే అండం విడుదలకి ఇప్పుడు ముందుగా ఇచ్చే మాత్ర లెట్రోజోల్. 2014లో పీసీఓఎస్ ఉన్న 750 మందిపై చేసిన అధ్యయనంలో లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, క్లోమిఫెన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. దీంతో పాటు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పరీక్షలు అడగండి, అవి తేడాగా ఉన్నా పీరియడ్స్ ఇలాగే సాగుతాయి. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, హెచ్‌ఎస్‌జీ అంటారు, పీరియడ్ ఆగాక అండం విడుదలకి ముందు చేస్తారు. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, ఆయన రాయలేదని నాకు అనిపిస్తోంది.

పాత రిపోర్టులు, ఏ నెలలో ఏ డోస్ వేసుకున్నారో రాసి ఉన్న చీటీలు అన్నీ వెంట తీసుకెళ్లండి, కొత్త డాక్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

ఎదురుచూపు:

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ మా వారికి చదివి వినిపించాను. ఫోలిక్ యాసిడ్ నిజంగానే రాయలేదు. మబ్బుతునక గారూ, బాత్రూం మాట చదివి నాకు ఏడుపొచ్చింది. అత్తయ్యతో ఎలా చెప్పాలో అదే అర్థం కావడం లేదు. ఇంకోటి, ఈ నెల మాత్రలు వేసుకోకుండా ఆగొచ్చా?

గీతలస్కాన్:

ఆగొచ్చు. ఆ మాత్రలు పీరియడ్ మొదట్లో ఐదు రోజులే కదా, ఒక నెల వేసుకోకపోతే నష్టం లేదు, మధ్యలో ఆపినందుకు ఒంట్లో ఏమీ తేడా రాదు. పీరియడ్ ఆలస్యమైతే మాత్రం ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి, అది చూడకుండా కొత్త మందు ఏదీ మొదలుపెట్టకండి.

తోడున్నవాడు:

అత్తగారికి మీరు చెప్పకండి, మీ వారిని చెప్పమనండి. డాక్టర్ గారికి కూడా ఆయనే ఫోన్ చేసి "అంకుల్, స్కాన్లు అవీ చేయించాలనుకుంటున్నాం, స్పెషలిస్ట్‌కి చూపిస్తున్నాం, ఒక లెటర్ రాసివ్వండి" అంటే సరిపోతుంది. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి, ఆ మాట కొడుకు లాంటివాడి నోటి నుంచి వస్తే తప్పుగా తీసుకోరు. ఆయన రాసివ్వకపోయినా మీ రిపోర్టులు మీవే, నేరుగా వెళ్లండి.