“వస్తే”, “వస్తేనే”: బాణం ఎటు గీయాలి?

రీజనింగ్ ప్రశ్నల్లో ఒక్క “నే” దగ్గర మార్కులు పోతున్నాయి. నల్గొండలో ఐసెట్‌కు (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్షకు) చదివే పిల్లలతో కూర్చున్నప్పుడల్లా ఇదే చూస్తున్నాను, బాధగా ఉంటుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

లింగయ్య వస్తే యాదమ్మ వస్తుంది.
లింగయ్య వస్తేనే యాదమ్మ వస్తుంది.

ఒకరు వస్తే ఇంకొకరు తప్పక వస్తారని గుర్తు పెట్టుకోవడానికి మొదటివారి నుంచి రెండోవారికి బాణం గీస్తాం. చాలామంది రెండు వాక్యాలకీ లింగయ్య నుంచి యాదమ్మకే బాణం గీస్తారు. మొదటిదానికి అది సరే. రెండోదానికి యాదమ్మ నుంచి లింగయ్యకు గీయాలి. యాదమ్మ వచ్చిందంటే లింగయ్య వచ్చినట్టే. కానీ లింగయ్య వచ్చాడు కాబట్టి యాదమ్మ కూడా వచ్చిందనడానికి వీల్లేదు. రావచ్చు, రాకపోవచ్చు. ప్రశ్నలో ఆ సంగతి చెప్పలేదు.

ఇది తెలివి తక్కువై చేసే తప్పు కాదు. “పని అయితేనే పైసలిస్త” అని మేస్త్రి అన్నాడనుకోండి. పని అయ్యాక ఇవ్వకపోతే ఊరుకుంటామా? పని అయితే తప్పక ఇస్తాడనే రెండో సగాన్ని మనమే కలుపుకుంటాం, మాటల్లో అది న్యాయమే. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. ఆ తొందరలో మనసు రోజూ మాట్లాడే అర్థం వైపే పోతుంది.

నేను చెప్పే ఉపాయం తెలుగులోనే ఉంది. “వస్తే” ఉన్నచోట “వస్తే చాలు” అని చదవండి. “వస్తేనే” ఉన్నచోట “వస్తే తప్ప రాదు” అని చదవండి. లింగయ్య వస్తే తప్ప యాదమ్మ రాదు. ఇలా అనుకుంటే బాణం తప్పు వైపు పోదు. లెక్కల పుస్తకాల్లో పర్యాప్త నియమం, ఆవశ్యక నియమం అనేవి ఈ “చాలు”, “తప్ప”లే.

ఇది చదివి మన గ్రూపులోని ఒక మహబూబ్‌నగర్ సభ్యురాలు అడిగింది:
అన్నా, మొదటి వాక్యానికే మా పిల్లలు “లింగయ్య రాకపోతే యాదమ్మ రాదు” అని పక్కన రాసుకుంటున్నరు. అది కూడా తప్పే కదా? ఇంకోటి, ఎవరి తర్వాత ఎవరని అడిగే వరుస ప్రశ్నల్లో “తర్వాత” అని కనబడితే పక్క గడిలోనే పేరు రాసేస్తున్నరు.

జవాబు:
తప్పే అక్కా. లింగయ్య వస్తే చాలు అన్నారు గానీ, అతను రాకపోతే ఏమవుతుందో అనలేదు. యాదమ్మ ఒక్కతే కూడా రావచ్చు. యాదమ్మ రాలేదంటే మాత్రం లింగయ్య రాలేదని ధైర్యంగా రాసుకోవచ్చు.

“తర్వాత” గురించి మీరన్నది నిజం. నల్గొండ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు నార్కట్‌పల్లి తర్వాత చౌటుప్పల్ వస్తుంది అంటే అబద్ధం కాదు, నడుమ చిట్యాల ఉన్నా సరే. అందుకే రెండు పేర్ల నడుమ చుక్కలు పెట్టుకోమనండి. “వెంటనే” అనో “ఆనుకుని” అనో ఉంటేనే ఆ చుక్కలు తీసేసి పేర్లు పక్కపక్కన రాయాలి.