కార్వెట్ హార్స్‌పవర్ ఒక్క ఏడాదిలో ఎందుకు తగ్గింది?

అనంతపురం విద్యార్థి: అమెరికా స్పోర్ట్స్ కారు షెవర్లే కార్వెట్‌లోని 350 ఘనపు అంగుళాల ఇంజిన్‌కు 1971లో 270 హార్స్‌పవర్ అని ప్రకటించి, 1972లో 200 అన్నారు. ఇంజిన్ మారిందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

కర్నూలు మెకానిక్: తమ్ముడూ, ప్రధానంగా మారింది కొలత. అంతకుముందు ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటివి తీసేసి బెంచీపై కొలిచిన గ్రాస్ అంకెను చెప్పేవారు; 1972 నుంచి అవన్నీ బిగించి కొలిచిన నెట్ అంకెను ఇచ్చారు. బోరు నీటిని పొలం చివర కాక పైపు మూతి దగ్గరే కొలిచినట్టుండేది ఆ పాత పద్ధతి.

కడప పాఠకుడు: తక్కువ చేసి చెప్పిన సందర్భాలూ ఉన్నాయండీ. 1969 కార్వెట్‌లో రేసుల కోసం చేసిన ఎల్88 ఇంజిన్ నిజానికి 500 దాటినా 430 అనే రాశారు. మామూలు ఎల్71 ఇంజిన్‌కు 435 చూపడాన్ని బట్టి, ఆ రేసు ఇంజిన్ సాధారణ కొనుగోలుదారుల కంటపడకూడదనే అలా చేశారని నా నమ్మకం.

అనంతపురం విద్యార్థి: అన్నా, నెట్ అంకె చక్రాల దగ్గరిదేనా?

కర్నూలు మెకానిక్: కాదు, అదీ ఇంజిన్ శక్తి బయటికొచ్చే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ దగ్గరిదే, గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్ తినేయగా చక్రాలకు ఇంకా తక్కువ అందుతుంది.