సమస్యాపూరణం: "దేవదూత తాగి తేలె మింట"

పాత పీపా:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

*దేవదూత తాగి తేలె మింట*

ఇది ఎలా పుట్టిందో చెబుతాను. పోయిన నెల బ్రసెల్స్ వెళ్ళినప్పుడు ఆండర్లెఖ్ట్‌లో 1900 నుంచి నడుస్తున్న కాంటియోన్ బ్రూవరీ చూశాను. అక్కడ చేసే లాంబిక్ బీరులో ఈస్ట్ ఎవరూ వెయ్యరు. మాల్టు బార్లీ, పచ్చి గోధుమ కలిపి కాచిన రసాన్ని ఇంటికప్పు కింద వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు, గాలిలో తిరిగే ఈస్టే వచ్చి అందులో దిగుతుంది, అందుకే చలికాలంలో తప్ప వండరు. ఆ తర్వాత పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. సాలెగూళ్ళు కూడా దులపరు, పురుగుల సంగతి సాలీళ్ళే చూసుకుంటాయని.

బాగా ముదిరిన లాంబిక్ చిన్న గ్లాసులో పోసి ఇచ్చారు. నురుగు లేదు, గ్యాస్ లేదు. ముక్కు దగ్గర పెడితే తడి గడ్డి, పశువుల కొట్టం. నోట్లో ముందు నిమ్మపులుపు, ఆ వెనకే పచ్చి చింతకాయ, మింగాక చెక్క వగరు. అమ్మమ్మ ఇంట్లో తరవాణి కుండ మూత తీసినట్టనిపించి కాసేపు మాట రాలేదు. పీపా చెక్కలోంచి కొంత ఎప్పుడూ ఆవిరైపోతూనే ఉంటుంది, దాన్ని అక్కడివాళ్ళు దేవదూతల వాటా అంటారు. మీరు ఈ భావమే తీసుకోవాలని లేదు.

గోదారి గట్టు:

ఓకు పీపలోన నొదిగిన బీరులో
కొంత గాలి గలసె కొన్ని యేండ్లు
ఆవిరైన వంతు నందుకొన్న దెవరొ
దేవదూత తాగి తేలె మింట

యతిమైత్రి:
గోదారి గట్టు గారూ, ప్రశ్న వేసి సమస్యనే జవాబుగా నిలబెట్టడం చాలా బాగుంది. ఒక్క చోటే ఇబ్బంది. రెండో పాదం చివర "యేండ్లు" ఉకారం, మూడో పాదం మొదట అచ్చు. ఉత్వసంధి జరగాలి, విడిగా ఉంచకూడదు. "కొన్ని యేండ్ల / కావిరైన వంతు" అనండి. ఏండ్లకు + ఆవిరైన, సంధిలో ఉన్న ఆకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) కూడా చెల్లుతుంది.

గోదారి గట్టు:
నిజమేనండీ, అర్థం కూడా ఇంకా బిగిసింది. మార్చుకుంటాను.

కొత్త కలం:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

చెక్క పీపలోన చేరి మూడేళ్ళుండి
నురుగు లేని బీరు నోట బడగ
పుల్లదనము తగిలి జిహ్వ మేలుకొనెను
దేవదూత తాగి తేలె మింట

యతిమైత్రి:
గణాలన్నీ సరిపోయాయమ్మా, మొదటిసారికి అది చిన్న విషయం కాదు. మొదటి రెండు పాదాల్లో యతి కూడా కుదిరింది. మూడో పాదంలో మాత్రం "పు"కి "జి"తో మైత్రి లేదు. అంతకన్నా పెద్ద లోటు, నాలుక ఇక్కడ మేలుకుంటే దూత ఎక్కడో తాగుతున్నాడు, రెంటికీ ముడి పడలేదు. సమస్యాపూరణంలో ఆ ముడే ప్రాణం. "పుల్లదనము తగిలి పులకించి నాలుకే" అని చూడండి.

కొత్త కలం:
అంటే నాలుకే దేవదూత! ఇంత దగ్గర్లో ఉండి నాకు తట్టలేదు. చాలా థాంక్స్ అండీ.

పాత పీపా:
నాది కూడా పెడుతున్నాను.

గాలి తెచ్చె పులుపు గాలికే వాటాను
తిరిగి యిచ్చె పీప తీపి మరచి
యిచ్చి పుచ్చుకొనెడి యీ బేరమందున
దేవదూత తాగి తేలె మింట

గోదారి గట్టు:
"మరచి" క్త్వార్థం (ముగిసిన పనిని చెప్పే అసమాపక క్రియ) కాబట్టి సంధి లేకుండా యడాగమం, అంటే మధ్యలో "య" చేరడం, బాగుంది. కానీ "తీపి మరచి" పాదం నింపడానికి వేసినట్టుంది. పీపా తీపి మరవడమేంటండీ?

పాత పీపా:
అది నేను కావాలనే పెట్టిన మాట. ఒక ఏడాది లాంబిక్‌లో ఇంకా చక్కెర మిగిలి ఉంటుంది, మూడో ఏటికి ఈస్ట్ దాదాపు అంతా తినేస్తుంది. గ్యూజ్ అనే బీరు చెయ్యడానికి ఒకటి, రెండు, మూడేళ్ళ లాంబిక్‌లు కలిపేది అందుకే, లేతదానిలో మిగిలిన తీపి సీసాలో మళ్ళీ పులిసి నురుగు పుట్టిస్తుంది. నేను తాగినది ముదురుది, తీపి నిజంగానే మరిచిపోయింది.

గోదారి గట్టు:
అలా అయితే ఆ మాట తీయొద్దు. మా తాటికల్లు కూడా లొట్టిలో దానంతట అదే పులుస్తుంది, కానీ ఒక్క పూట ఆగితేనే కాటు ఎక్కిపోతుంది. మూడేళ్ళు ఆగే పులుపు గురించి వినడం ఇదే మొదటిసారి.

యతిమైత్రి:
ఈ వారం నా ఓటు పాత పీపా గారి పద్యానికే. గాలి తెచ్చిందే గాలికి పోవడం వల్ల దూత తాగడానికి కారణం పద్యంలోనే దొరికింది. అయితే "వాటాను" దగ్గర ద్వితీయ కాస్త బరువైంది, ఇంకో మాట దొరుకుతుందేమో ఆలోచించండి.

పాత పీపా:
రెండు రోజులు టైమివ్వండి, మారుస్తాను.