చర్చ: టైగర్ మాత్ లాంటి మొండి విమానం మీదే పైలట్‌కు తొలి పాఠం చెప్పాలా?

ప్రశ్న – దూరపు రన్‌వే

డి హావిలాండ్ కంపెనీ వారి శిక్షణ విమానం టైగర్ మాత్ తొలిసారి ఎగిరింది 1931 అక్టోబరులో. రెండో ప్రపంచ యుద్ధం నాటి కామన్‌వెల్త్ పైలట్లలో చాలామంది దాని మీదే ఓనమాలు దిద్దుకున్నారు. మన బేగంపేటలోనూ ఆ రోజుల్లో ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు దానితో నడిచింది. దాన్ని నడపడం తేలిక, చక్కగా నడపడం కష్టం, అందుకే అది మంచి గురువు అని పాతతరం పైలట్లు అంటూ ఉంటారు. ఇది నిజమా, లేక తాము పడ్డ కష్టం మీద మమకారమా?

జవాబు – పాత రెక్కలు

నిజమేనని నా అభిప్రాయం. ఎడమకు తిరగాలని చేతిలోని కంట్రోల్ కర్ర వంచితే కుడి రెక్క పైకి లేస్తుంది కానీ, ఆ లేచే రెక్కకు గాలి అడ్డు ఎక్కువ కావడం వల్ల ముక్కు ఒక్క క్షణం కుడివైపుకే లాగుతుంది. ఈ దోషం తెలిసే, కిందికి దిగే అయిలరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) తక్కువ కదిలేలా అమర్చారు. అయినా అది పూర్తిగా పోలేదు. కాబట్టి కాలితో రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) కలపక తప్పదు. కలపకపోతే విమానం పక్కకు జారుతుంది, తెరిచి ఉన్న కాక్‌పిట్‌లో కూర్చున్న విద్యార్థికి ఆ గాలి ఒక చెంపకే కొడుతుంది. తప్పును ఇంత వెంటనే, ఇంత నిదానమైన వేగంలో, ప్రాణం మీదికి తేకుండా చూపించే విమానం కన్నా మంచి గురువు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు – నేల చూపు

పాత రెక్కలు గారూ, చెంప మీది గాలి సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరు విమానం మొండితనాన్నంతా ఒకే గంపలో వేస్తున్నారు. స్టార్టర్ లేక ఒకరు ముందు నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పడం, బ్రేకులు లేకుండా నేల మీద నడపడం, ఇన్‌స్ట్రక్టర్ మాటను రబ్బరు గొట్టంలో ఇంజిన్ మోతకు పోటీగా వినడం, ఇవన్నీ ఏ పాఠం నేర్పాయండీ? విద్యార్థి ఓపికను తినేశాయి, అంతే.

ఇక తోక చక్రం, అంటే రెండు ప్రధాన చక్రాలకు తోడు మూడో ఆధారం తోక కింద ఉండే అమరిక (టైగర్ మాత్‌కు అక్కడ చక్రం బదులు నేలను రాసుకునే స్కిడ్ ఉండేది). అలాంటి విమానంలో బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనుక ఉంటుంది కనుక, దిగాక కొద్దిగా పక్కకు తిరిగినా ఆ తిరుగుడు దానంతట అదే పెరుగుతుంది. ముక్కు చక్రం ఉన్నదైతే దానంతట అదే సర్దుకుంటుంది. ఆనాటి హార్వర్డ్, హరికేన్, స్పిట్‌ఫైర్ అన్నీ తోక చక్రం విమానాలే కాబట్టి అప్పుడు ఆ పాఠం అవసరం. ఇంజినీరు ఘాటగే గారి సారథ్యంలో హెచ్‌ఏఎల్ రూపొందించి 1951లో ఎగరేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం కూడా, మొత్తం లోహంతో తయారైనా, తోక చక్రాన్ని వదల్లేదు. 1977లో తొలిసారి ఎగిరిన హెచ్‌పీటీ-32 ముక్కు చక్రానికి మారింది, ఎందుకంటే అప్పట్లో దాని తరువాత విద్యార్థి ఎక్కిన కిరణ్ జెట్‌కు ఉన్నది ముక్కు చక్రమే. శిక్షణ విమానం గొప్పదా కాదా అన్నది ఆ విమానాన్ని బట్టి కాదు, విద్యార్థి తరువాత ఎక్కబోయే విమానాన్ని బట్టి తేల్చాలి.

జవాబు – పాత రెక్కలు

ప్రొపెల్లర్, గొట్టం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఆ గొట్టం 1917 ప్రాంతపు గోస్‌పోర్ట్ బడి (ఇంగ్లండులోని పైలట్ శిక్షణ బడి) నాటిది, దాన్ని సమర్థించలేను. తోక చక్రం కూడా కాలంతో పోయిందనుకుందాం. రడ్డర్ మాత్రం పోలేదు. ముక్కు చక్రం విమానమైనా ఎదురుగాలి పక్కకు మళ్లిన రోజున, రన్‌వే మధ్య గీత మీద నిలబెట్టేది పాదమే కదా. ఆ పాదాన్ని ఏ విమానం మీద నిద్రలేపాలో మీరే చెప్పండి.

జవాబు – నేల చూపు

గ్లైడర్ మీద, అంటే ఇంజిన్ లేని విమానం మీద. దానికి పొడుగు రెక్కలు, దానికీ అదే దోషం, ముక్కు అలాగే తిరగాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా లాగుతుంది. కాక్‌పిట్ ముందు కట్టిన చిన్న నూలుపోగు పక్కకు వాలి, మీ చెంప మీది గాలి చెప్పిన మాటే చెబుతుంది. ప్రొపెల్లర్ తిప్పే పని అసలే లేదు.