స్ప్లిట్ హొరైజన్ ఉంటే రౌటింగ్ లూపు రాదా? నాలుగు మార్కులు పోయాయి, తేల్చండి

కడప_మూడో_సంవత్సరం
మా కాలేజీ మిడ్ పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న: డిస్టెన్స్ వెక్టర్ ప్రోటోకాల్‌లో రౌటింగ్ లూపులను స్ప్లిట్ హొరైజన్ ఎలా నివారిస్తుంది? (పొరుగు రౌటరు చెప్పిన దూరాన్ని నమ్మి దారి ఎంచుకునేది డిస్టెన్స్ వెక్టర్. ప్యాకెట్లు గమ్యం చేరక రౌటర్ల మధ్యే తిరగడం లూపు.) ఏ ఇంటర్‌ఫేస్ నుంచి ఒక దారి తెలిసిందో, ఆ దారిని అదే ఇంటర్‌ఫేస్‌లోకి రౌటర్ తిరిగి ప్రకటించదు, కనుక రెండు రౌటర్ల మధ్య లూపు రాదు అని రాశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "మూడు రౌటర్లు ముక్కోణంలో ఉంటే ఇది చాలదు" అని ఇంకో వాక్యం రాశాను. దాని కింద ఎర్ర గీత, పక్కన ప్రశ్నార్థకం, అయిదుకు ఒకటి. సార్‌ను అడిగితే "జవాబుల కీలో లేదు" అన్నారు. నా వాక్యం తప్పా?

నంద్యాల_రోడ్డు
తప్పు కాదు. మార్కులు కూడా రావు.

కర్నూలు_శిక్షకుడు
నేను పద్నాలుగేళ్లుగా కర్నూలులో నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతున్నాను. ప్రశ్న "ఎలా నివారిస్తుంది" అని అడిగింది, "ఎక్కడ విఫలమవుతుంది" అని కాదు. అడిగినదానికి జవాబు రాయడం కూడా చదువులో భాగమే. పైగా నువ్వు చెప్పిన ముక్కోణం లూపు హోల్డ్‌డౌన్ ఉంటే, అంటే దారి పోయిందని తెలిశాక కొంతసేపు పాత దూరం కన్నా మెరుగుకాని కబురు దేన్నీ నమ్మకపోతే, పుట్టదు. స్ప్లిట్ హొరైజన్, పాయిజన్ రివర్స్ (దారి తెలిసిన వైపుకే దాన్ని అనంతమని చెప్పడం), హోల్డ్‌డౌన్, ట్రిగర్డ్ అప్‌డేట్ (మార్పు రాగానే కబురు పంపడం), దూరం 16 అంటే అనంతం, అంటే దారి లేదు, అన్న హద్దు, ఈ అయిదూ కలిసి పని చేస్తాయి. ఒక్కదాన్ని విడదీసి చాలదు అనడం, ఉప్పు తీసేసి పప్పు బాగాలేదనడం లాంటిది.

టవరెక్కేవాడు
హోల్డ్‌డౌన్ పని చేయదు సార్, పని ఆపుతుంది. అసలు అది రిప్ అనే డిస్టెన్స్ వెక్టర్ ప్రోటోకాల్ ప్రమాణంలో ఎక్కడుంది? 1988 నాటి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సి 1058 తీయండి, 1998 నాటి 2453 తీయండి. 30 సెకన్లకు ఒక అప్‌డేట్, 180 సెకన్ల గడువు, ఆ తర్వాత 120 సెకన్లకు పట్టికలోంచి తీసివేత. టైమర్లు ఇవే. హోల్డ్‌డౌన్ రౌటర్ల కంపెనీ సిస్కో వాళ్లు తమ పెట్టెల్లో పెట్టుకున్నది. దాన్ని రిప్ నియమంలా పిల్లలకు నూరిపోయకండి.

కర్నూలు_శిక్షకుడు
ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. సర్టిఫికేషన్ పరీక్షల్లోనూ అడిగేవారు.

టవరెక్కేవాడు
ప్రమాణంలో ఉందా, లేదా?

కర్నూలు_శిక్షకుడు
పుస్తకంలో ఉంది అంటున్నాను.

పాత_సంత
ఇంకా రిప్ ఎవరు వాడుతున్నారు? లింక్ స్టేట్ రకం (ప్రతి రౌటరూ మొత్తం నెట్‌వర్కు పటం చూసుకునే పద్ధతి) ఓఎస్‌పీఎఫ్ పెట్టుకోండి, గొడవ వదులుతుంది. ఇంటర్నెట్‌కు ముందరి ఆర్పానెట్ వాళ్లే డిస్టెన్స్ వెక్టర్‌తో విసిగిపోయి 1979లో లింక్ స్టేట్‌కు మారారు.

గుత్తికోట
బొమ్మ గీయకుండా పోట్లాడుతున్నారు. నేను అనంతపురంలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, సుద్దముక్క లేకపోతే నాకు మాట రాదు. గుత్తి, గుంతకల్లు, డోను మూడు రౌటర్లు అనుకోండి. ప్రతిదానికీ మిగతా రెండింటితో లింకు ఉంది. అనంతపురం నెట్‌వర్కు గుత్తికి తగులుకుని ఉంది. కనుక గుత్తికి దూరం 1. గుంతకల్లుకు 2, డోనుకు 2, రెండూ గుత్తి మీదుగానే.

ఇప్పుడు అనంతపురం లింకు తెగింది. గుత్తి ఇద్దరికీ "16" అని కబురు పంపింది. గుంతకల్లుకు అందింది. డోనుకు పంపింది దారిలో పోయింది. రిప్ కబుర్లు యుడిపి 520 పోర్టు మీద వెళ్తాయి, అందిందా అని అడిగే నాథుడు ఉండడు. ఇంతలో డోను తన వంతు రాగానే గుంతకల్లుతో "నాకు అనంతపురం 2" అంటుంది. ఇక్కడ చూడండి. ఆ దారి గుత్తి నుంచి తెలిసింది కనుక స్ప్లిట్ హొరైజన్ డోను నోరు గుత్తి వైపే మూసింది. గుంతకల్లు వైపు తెరిచే ఉంది. గుంతకల్లు 3 రాసుకుని గుత్తికి చెప్పింది. గుత్తి 4 రాసుకుని డోనుకు చెప్పింది. డోనుకు దారి చూపేది గుత్తే కనుక అది పెంచి చెప్పినా ఒప్పుకోవలసిందే: 5. మళ్లీ గుంతకల్లు 6, గుత్తి 7, డోను 8. గుత్తిలో 16 పడేదాకా ప్రదక్షిణమే. ఎవరూ నియమం తప్పలేదు. డోను పాతబడ్డ మాట చెప్పింది, అంతే. ఈలోగా అనంతపురం వెళ్లవలసిన ప్యాకెట్లు టీటీఎల్ (వాటి ఆయువు లెక్క) అయిపోయేదాకా మూడు ఊళ్లూ తిరిగి చస్తాయి.

నాయనా, నీ వాక్యం ఒప్పు.

కర్నూలు_శిక్షకుడు
మాస్టారూ, మీ బొమ్మే నా మాటకు సాక్ష్యం. "16" అందగానే గుంతకల్లు హోల్డ్‌డౌన్‌లోకి వెళ్తే డోను చెప్పిన 2ని తీసుకోదు. 180 సెకన్లు ఆగితే డోనుకు రెండో కబురో మూడో కబురో అందుతుంది. లూపు మొలకెత్తకముందే పోతుంది.

టవరెక్కేవాడు
ఆ 180 సెకన్లు ఎవరివి సార్? గుంతకల్లు నుంచి ఉరవకొండ, కూడేరు మీదుగా అనంతపురానికి నిజంగానే ఇంకో దారి ఉందనుకోండి. దూరం 3. హోల్డ్‌డౌన్‌లో ఉన్న గుంతకల్లు దాన్నీ తీసుకోదు, ఎందుకంటే పాత దూరం 2 కన్నా ఎక్కువ. డోను చెప్పే పాత మాటనూ ఉరవకొండ చెప్పే నిజాన్నీ ఒకే గాటన కట్టి గుమ్మం బయట నిలబెడుతుంది.

పాత_సంత
ఓఎస్‌పీఎఫ్.

గుత్తికోట
దీనికి టైమరు లేని మందు ఉంది. గార్సియా లూనా అసెవెస్ రూపొందించిన డ్యూయల్ పద్ధతి, ఈఐజీఆర్‌పీ అనే ప్రోటోకాల్‌లో వాడతారు. పొరుగువాడు చెప్పిన దూరం, ఇంతవరకు నాకున్న అతి తక్కువ దూరం కన్నా తక్కువైతేనే నమ్ముతాను అంటుంది. గుంతకల్లుది 2, డోను చెప్పింది 2. తక్కువ కాదు కనుక నమ్మదు. ఇరుగుపొరుగును అడిగి, జవాబులన్నీ వచ్చాకే దారి మార్చుకుంటుంది. కబురు అందిందో లేదో కూడా సరిచూసుకుంటుంది. బేబెల్ అనే ప్రోటోకాల్ (ఆర్‌ఎఫ్‌సి 8966, 2021) ఇదే తరహా షరతుకు వరుస సంఖ్యలు జోడించింది. డిస్టెన్స్ వెక్టర్ అంటేనే చెప్పుడు మాటల మీద బతికే ప్రోటోకాల్. ఏ మాట నమ్మాలో తెలిస్తే చాలు, నోరు మూయవలసిన పని లేదు.

టవరెక్కేవాడు
మందు మంచిదే మాస్టారూ, మా అంగట్లో దొరకలేదు. ఈఐజీఆర్‌పీ చాలాకాలం సిస్కో సొత్తు, ఆర్‌ఎఫ్‌సి 7868గా బయటికి వచ్చింది 2016లో. మా ఇంటర్నెట్ టవర్ల మీది పెట్టెల్లో ఉన్నది రిప్ ఒక్కటే. హోల్డ్‌డౌన్ గొప్పదని కూర్చుని చెప్పేవాళ్లు ఒక్కసారి టవరెక్కి చూడాలి.

కర్నూలు_శిక్షకుడు
కూర్చుని చెప్పేవాణ్నా? ఈ పేరు వెనక ఎవరున్నారో నాకు మొదటి పోస్టులోనే తెలిసింది. హోల్డ్‌డౌన్ సున్నా చేసి ఇంటికి వెళ్లిపోయిందెవరు? మర్నాడు మూడు టవర్ల మధ్య ట్రాఫిక్ గిరగిరా తిరుగుతుంటే మీ యజమాని నాకు ఫోను చేశాడు, "మీ శిష్యుడేనట కదా" అని.

నంద్యాల_రోడ్డు
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది.

టవరెక్కేవాడు
అవును, నేనే. ఎందుకు సున్నా చేశానో కూడా చెబుతాను. మీ క్లాసులో రాసుకున్న నోట్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. "హోల్డ్‌డౌన్ లేని నెట్‌వర్కు తలుపు లేని ఇల్లు" అని మీరు చెబితే కింద రెండు గీతలు గీసుకున్నాను. దానికి మూడు నిమిషాల ఖరీదు ఉందని ఒక్క ముక్క చెప్పలేదు. గాలివాన రాత్రి డిష్ ఊగుతోంది, లింకు పోతోంది, వస్తోంది. ఇంకో దారి కళ్లముందే ఉంది, రౌటరు ఒప్పుకోదు. దరఖాస్తు గడువు ఆ రాత్రి పన్నెండింటికి. ఇంటర్నెట్ సెంటరు అతను పిల్లలను ముందు నిలబెట్టుకుని ఫోను మీద ఫోను. వారం తర్వాత సున్నా చేశాను, లూపు వచ్చింది. రెండు తప్పులకూ నా జీతంలోనే కోశారు.

కర్నూలు_శిక్షకుడు
ఖరీదు చెప్పలేదు, నిజమే. పరీక్షలో అడగరు కనుక చెప్పలేదు. ఫీజు కట్టి, నెలలో ఉద్యోగం రావాలని వచ్చినవాళ్లకు గంటన్నరలో ఎంతని చెప్పను? కానీ ఒక విషయంలో నేను మారను. దారి తెలియనప్పుడు తెలియదని నోరు మూసుకునే రౌటరు నాకు ఇష్టం. లూపు వస్తే నీ ఊరొక్కటే కాదు, ఆ లింకుల మీద బతికే ఊళ్లన్నీ మునుగుతాయి.

టవరెక్కేవాడు
నాకు తెలిసినంతలో దారి చూపే రౌటరు ఇష్టం. తప్పయితే నిమిషం అటూఇటూగా 16 దాకా లెక్కపెట్టి ఆగిపోతుంది. నోరు మూసుకున్నది మూడు నిమిషాలు కదలదు.

కర్నూలు_శిక్షకుడు
ఆ నిమిషంలో లింకు నిండిపోయి, 16 అన్న కబురు కూడా వెళ్లలేకపోతే?

టవరెక్కేవాడు
అది నిజమే. ఆ రోజు అలాగే అయింది.

కడప_మూడో_సంవత్సరం
అన్నా, సార్, ఈలోగా నేను మాస్టారి బొమ్మను ల్యాబులో పెట్టాను. లినక్స్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేరు, మూడు వర్చువల్ రౌటర్లు. గుత్తి నుంచి డోనుకు వెళ్లే యుడిపి 520ని కాసేపు ఆపి, అనంతపురం లింకు తెంచి, తర్వాత వదిలాను. గుంతకల్లు పట్టికలో వరసగా 3, 6, 9, 12, 15. ఆ తర్వాత దారి మాయం. ఫొటో తీశాను. హోల్డ్‌డౌన్ పెట్టి చూద్దామంటే ఎఫ్‌ఆర్‌ఆర్ రిప్‌లో ఆ టైమరే లేదు.

టవరెక్కేవాడు
ప్రమాణంలో లేదని మొదటే చెప్పాను.

కర్నూలు_శిక్షకుడు
ఫొటో మీద "హోల్డ్‌డౌన్ లేనప్పుడు" అని రాసి మీ సార్‌కు చూపించు.

టవరెక్కేవాడు
దాని కిందే "ఉంటే మూడు నిమిషాలు" అని కూడా రాయి.

కడప_మూడో_సంవత్సరం
రెండూ రాసి తీసుకెళ్లాను. కీ తయారు చేసింది తాను కాదని, పాత కీనే వాడారని సార్ అన్నారు. పాత కీ రాసినవారు బదిలీ అయ్యారట.

నంద్యాల_రోడ్డు
మార్కులు రావని రెండో పోస్టులోనే చెప్పాను.